కడుపులోని అతుకులు: కంటికి కనబడని ఒక నొప్పి కథ

"సార్, కడుపు నొస్తుంది." మన పాఠశాలలలో ఈ మాట వినని ఉపాధ్యాయుడు ఉండడు. లెక్కల తరగతికి ముందు, పరీక్ష రోజున, ఎండలో డ్రిల్లు చేయవలసి వచ్చినప్పుడు ఈ మాట ఎక్కువగా వినబడుతుంది. అందువల్ల కడుపునొప్పి అనగానే అది ఒక సాకు అనుకొనుట మనకు అలవాటైపోయినది. కాలు విరిగితే కట్టు కనబడుతుంది. జ్వరము వస్తే థర్మామీటరు చెబుతుంది. కడుపునొప్పికి అటువంటి సాక్షి లేదు. బాధపడే వాని మాట ఒక్కటే సాక్ష్యము. తరగతిలో ఆ మాట విని చిరునవ్వు నవ్విన వారిలో ఈ వ్యాసకర్త కూడ ఒకడు.

సిద్దిపేట జిల్లాలోని జగదేవ్‌పూరు వంటి మండల కేంద్రములో ఒక ఉన్నత పాఠశాలను తలచుకొందాము. అక్కడ తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు. రెండేండ్ల క్రితము అపెండిక్సు పగిలి, కడుపంతా చీము పట్టితే, హైదరాబాదులో ఆపరేషను చేసి ప్రాణము నిలిపినారు. కుట్లు మానినవి. కాని అప్పుడప్పుడు అన్నము తిన్న గంటకు కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి, వాడు బల్ల మీదికి వంగిపోతాడు. ఇంటి దగ్గర వాని తల్లిది మరొక బాధ. రెండు కాన్పులకూ కడుపు కోసినారు. ఇప్పుడు పత్తి ఏరుటకు వంగితే, నీళ్ల బిందె ఎత్తితే, పొత్తికడుపులో ఏదో గుంజి పట్టుకొన్నట్లుంటుంది. స్కానింగు తీయించినది. "అంతా బాగానే ఉన్నది" అని కాగితము వచ్చినది. నొప్పి మాత్రము పోలేదు.

ఈ తల్లి, ఈ కొడుకు ఊహించుకొన్న వారే. కాని ఇటువంటి వారు మన ప్రతి ఊరిలోను ఉన్నారు. వారి బాధకు కారణమైన వాటిలో ఒకదానిని వైద్యులు "అడ్హీషన్లు" అంటారు. "పేగులు అతుక్కుపోయినవి" అని జనము అంటారు. మనము వాటిని అతుకులు అందాము. ఈ అతుకుల చరిత్ర రెండు వందల యేండ్లకు పైబడినది. ఆ చరిత్రలో మానవుడు రెండు పొరపాట్లు మాటిమాటికి చేసినాడు. ఒకటి, కనబడని నొప్పి లేనే లేదనుట. రెండవది, ప్రతి నొప్పికీ కోతే మందు అనుకొనుట. ఈ రెండింటి నడుమ దారి ఎట్లా దొరికినదో చూద్దాము.

జారుడు పొర

మన కడుపులో చిన్న ప్రేగు సుమారు 6 మీటర్ల పొడవు ఉంటుంది. అంత పొడవైన గొట్టము ఇంత చిన్న చోటులో చుట్టలు చుట్టుకొని, రేయింబవళ్లు కదులుతూనే ఉంటుంది. అయినను చిక్కు పడదు. దీనికి కారణము పెరిటోనియము అను పలుచని పొర. పాఠ్యపుస్తకములలో దీనిని ఆంత్రవేష్టనము అంటారు. ఇది కడుపు లోపలి గోడను, ప్రేగులను, గర్భసంచిని, ఇతర అవయవములను కప్పి ఉంచుతుంది. దీని నంతటిని విప్పి పరచినట్లయితే ఇంచుమించు మన చర్మమంత వైశాల్యము ఉంటుంది. దీని పైభాగము ఒకే ఒక వరుస కణములతో ఏర్పడినది. ఆ కణముల మీద కొద్దిపాటి ద్రవము తడిగా ఉండి, ప్రేగులు ఒకదానిపై ఒకటి జారిపోవుటకు నూనె వలె పనిచేయును.

ఈ పొరకు గాయమైనప్పుడు ఏమి జరుగునో తెలుసుకొనుటకు చాకలి గంజిని తలచుకొనుడు. గంజి పెట్టిన ధోవతిని తడిగా ఉండగనే మడిచి పెట్టితే మడతలు అతుక్కొనును. వెంటనే విడదీస్తే సులువుగా విడిపోవును. బిర్రుగా ఎండిన తరువాత లాగితే చినిగిపోవచ్చును. కడుపులోను ఇంతే. కత్తి, సూది, గుడ్డ, గాలి, రక్తము, చీము, వీటిలో ఏది తగిలినను పెరిటోనియము కందిపోయి ఒక ద్రవమును స్రవించును. అందులో ఫైబ్రిను అను మాంసకృత్తు సన్నని దారములుగా పేనుకొని, పక్కపక్కనున్న రెండు పొరలను అంటించును. ఇది గంజి వంటిది. మామూలుగా మన శరీరములోనే ప్లాస్మిను అను ఎంజైము ఈ దారములను కొద్ది దినములలో కరిగించి వేయును. కాని ఆపరేషను దెబ్బకు ఈ కరిగించు శక్తి తగ్గిపోవును. సుమారు వారము దినములలోగా ఫైబ్రిను కరగకపోయినచో, దానిలోనికి కణములు ప్రవేశించి కొల్లాజెను అను గట్టి నారను నేయును. రక్తనాళములు పెరుగును. అప్పుడది గంజి కాదు, సజీవమైన త్రాడు. దానిని ఇక ఏ మందూ కరిగించలేదు.

నెయ్యి, తేనె, కత్తి

కడుపు కోసి ప్రేగును బాగుచేయు ఆలోచన మన దేశమునకు కొత్తది కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానములో బద్ధగుదోదరమను రోగమునకు, అనగా ప్రేగు మూసుకొనిపోయిన స్థితికి, శస్త్రచికిత్స చెప్పబడినది. బొడ్డుకు దిగువగా ఎడమ వైపున కోసి, ప్రేగును బయటికి తీసి, అడ్డుపడిన దానిని తొలగించి, తేనె నెయ్యి పూసి, మరల యథాస్థానమున ఉంచి కుట్టవలెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. ప్రేగు చిల్లుపడిన చోట నల్ల చీమలతో కరిపించి, వాటి తలలతో గాయమును మూయు పద్ధతి కూడ అందులో ఉన్నది. నెయ్యి పూయుట అతుకులు రాకుండుటకే అని మనము చెప్పరాదు. కాని ప్రేగులను ఎండిపోనివ్వక మెత్తగా ఉంచవలెనన్న జాగ్రత్త ఈనాటి శస్త్రవైద్యుడు కూడ పాటించునదే.

అతుకులను శాస్త్రదృష్టితో చూచిన తొలివారిలో ముఖ్యుడు స్కాట్లండులో పుట్టి లండనులో పనిచేసిన జాన్ హంటరు. 1728లో పుట్టి 1793లో మరణించిన ఈ శస్త్రవైద్యుడు కొంతకాలము సైన్యములో పనిచేసి తుపాకి గాయములను దగ్గరగా చూచినాడు. రక్తమును, వాపును, తుపాకి గాయములను గురించిన అతని గ్రంథము అతడు పోయిన మరుసటి యేడు, 1794లో, వెలువడినది. వాపు వచ్చిన చోట పొరలు అంటుకొనుటను అతడు ఒక ప్రత్యేకమైన దశగా గుర్తించినాడు. అది శరీరము చేసుకొను రక్షణ అని కూడ చెప్పినాడు. చిల్లుపడిన ప్రేగు చుట్టు పొరలు అంటుకొన్నట్లయితే చీము కడుపంతా పాకదు. కనుక అతుకు మొదట మనకు మిత్రుడు. శత్రువగుట తరువాతి సంగతి.

1809 డిసెంబరులో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమునకు చెందిన డాన్విల్ గ్రామములో ఎఫ్రెయిం మెక్‌డొవెల్ అను వైద్యుడు జేన్ టాడ్ క్రాఫర్డ్ అను స్త్రీ కడుపు కోసి, పది కిలోలకు పైగా బరువున్న అండాశయపు కంతిని తీసివేసినాడు. అప్పటికి మత్తుమందు లేదు. ఆమె సుమారు 60 మైళ్లు గుర్రము మీద వచ్చి, ఆ కోతను మెలకువగా ఉండి భరించినది. బ్రతికినది. మరి 32 యేండ్లు జీవించి 1842లో మరణించినది. కడుపు తెరచినను మనిషి బ్రతకవచ్చునని ఆమె లోకమునకు చూపినది. కాని అట్టి ధైర్యము ఎందరికి ఉండును?

హైదరాబాదులో క్లోరోఫారము

1846 అక్టోబరులో బోస్టను నగరములో ఈథరు, 1847 నవంబరులో ఎడింబరోలో క్లోరోఫారము మత్తుమందులుగా వాడుకలోనికి వచ్చినవి. 1867లో జోసెఫ్ లిస్టరు సూక్ష్మజీవులను చంపి గాయము కుళ్లకుండా చేయు పద్ధతిని ప్రకటించినాడు. ఈ రెండు మెట్లు ఎక్కిన తరువాతనే కడుపు ఆపరేషను సాధారణ విషయమైనది.

ఈ కథలో మన ప్రాంతమునకు కూడ పాత్ర ఉన్నది. జగదేవ్‌పూరు అప్పుడు నిజాం రాజ్యములోనిది. ఆ రాజ్యపు రాజధానిలో 1846లోనే వైద్యపాఠశాల వెలసినది. 1885లో రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన ఎడ్వర్డు లారీ ఆ పాఠశాలకు అధిపతియై, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫారముతో ఆపరేషనులు చేయించినాడు. క్లోరోఫారము వలన చావు ముందుగా గుండె ఆగి వచ్చునా, ఊపిరి ఆగి వచ్చునా అను వివాదమును తేల్చుటకు 1888లోను, 1889లోను రెండు హైదరాబాదు క్లోరోఫారము కమిషనులు జరిగినవి. రెండవ దానికి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనమిచ్చినాడు. లండను నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చి పాల్గొన్నాడు. లారీ శిష్యురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరి, మత్తువైద్యములో తొలి మహిళలలో ఒకరుగా పేరు పొందినది.

వందలాది జంతువులపై ప్రయోగములు చేసి, ఊపిరే ముందు ఆగును, గుండె కాదు అని కమిషను తేల్చినది. కాని 1911లో గుడ్‌మన్ లెవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తేలికపాటి క్లోరోఫారము మత్తులో గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని పిల్లులపై ప్రయోగములతో నిరూపించినాడు. అంతకు ముందు బల్ల మీదనే గుండె ఆగినదని చెప్పిన వైద్యులను నమ్మని వారు ఎందరో. మనము ఎదురు చూడనిది కనబడలేదు గనుక అది లేదనుట పెద్ద పండితులకైనను తప్పలేదు. ఈ పాఠమును మనస్సులో ఉంచుకొని ముందుకు పోదాము.

కోత మిగిల్చిన ముడి

ఇంగ్లండులో థామస్ స్పెన్సర్ వెల్స్ 1858లో మొదలుపెట్టి 1880 నాటికి వెయ్యి అండాశయపు ఆపరేషనులు పూర్తి చేసినాడు. కడుపు కోయించుకొని బ్రతికిన వారి సంఖ్య పెరిగినది. దానితో పాటు ఇదివరకు తెలియని చిక్కు ఒకటి బయటపడినది. 1872లో లండను వైద్యుడు థామస్ బ్రయాంట్, అండాశయపు కంతి తీసిన తరువాత ఏర్పడిన అతుకుల వలన ప్రేగు బిగిసి మరణించిన ఒక రోగి సంగతిని ప్రకటించినాడు. ఆపరేషను విజయవంతమైనను దాని మచ్చ లోపల ఉరిత్రాడు కాగలదని వైద్యలోకము తెలుసుకొన్నది.

చేతి తొడుగుల కథ కూడ ఇక్కడనే చెప్పవలెను. 1889 ప్రాంతమున అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ తన ఆపరేషను గదిలోని నర్సు చేతులు మందునీళ్లకు పుండ్లు పడుచున్నవని రబ్బరు తొడుగులు చేయించినాడు. వాటి వలన గాయములు కుళ్లుట తగ్గినది. కాని తొడుగు సులువుగా ఎక్కుటకు లోపల పొడి చల్లెడివారు. ఆ టాల్కు పొడి కడుపులో రాలి, దాని చుట్టు గడ్డలు, అతుకులు ఏర్పడుట తరువాత బయటపడినది. టాల్కు బదులు పిండిపొడి వచ్చినది. అదియు నిర్దోషి కాదని తేలినది. అమెరికా ప్రభుత్వము పొడి చల్లిన తొడుగులను 2017 జనవరి నుండి నిషేధించినది. మేలు చేయ వచ్చిన వస్తువే కీడును వెంట తెచ్చుట ఈ చరిత్రలో తరచు కనబడును.

అతుకులను ఆపుటకు శస్త్రవైద్యులు చేయని ప్రయత్నము లేదు. 1937లో నోబుల్ అను అమెరికా వైద్యుడు, ప్రేగులు ఎట్లాగూ అంటుకొనును గనుక తామే వాటిని వరుసగా మడిచి కుట్టివేయు పద్ధతిని ప్రవేశపెట్టినాడు. దాని చిక్కులు ఎక్కువగుటచే అది క్రమముగా మూలపడినది. అంతకు కొద్దిగా ముందు, 1930 దశాబ్ది మొదట, మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన ఓవెన్ వాంగెన్‌స్టీన్ ముక్కు గుండా జీర్ణాశయములోనికి గొట్టము వేసి, ద్రవమును, గాలిని పీల్చివేయు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినాడు. బిగిసిన ప్రేగు చాలామందిలో కోత లేకుండనే తేరుకొన్నది. ఈనాటికి ప్రతి పెద్ద ఆసుపత్రిలో వాడుచున్నది ఈ గొట్టమునే.

అసలు అతుకు ఎందుకు ఏర్పడును? పొర చినిగిన చోటునెల్లా బిగించి కుట్టుట మంచిదని వెనుకటి వైద్యుల నమ్మకము. 1962లో లండను వైద్యుడు హెరాల్డ్ ఎల్లిస్ తన ప్రయోగములతో దీనిని తలక్రిందులు చేసినాడు. పొర పోయిన చోటును అట్లే వదలివేసినప్పుడు అది చాలవరకు నున్నగా మానినది. బిగించి కుట్టి రక్తప్రసారము తగ్గించిన చోటనే అతుకులు ఎక్కువ. రక్తము అందని కణజాలమునకు పక్కనున్న అవయవము నుండి రక్తమును తెచ్చు వంతెనయే అతుకు! హంటరు చెప్పిన రక్షణ గుణము ఇక్కడ మరల కనబడినది.

నమ్మిన వారు, నమ్మని వారు

ఇక నొప్పి సంగతి. 20వ శతాబ్ది తొలి దశాబ్దులలో లండనులోని గైస్ ఆసుపత్రికి చెందిన ఆర్బుత్‌నాట్ లేన్ గొప్ప పేరు గల శస్త్రవైద్యుడు. ప్రేగులు మందగించి, వంపుల దగ్గర మెలిపడి, శరీరమునకు విషమెక్కించుచున్నవని ఆయన నమ్మినాడు. కడుపునొప్పి, మలబద్ధకము, నీరసము ఉన్న వారికి పెద్ద ప్రేగునే తీసివేసినాడు. ఆ సిద్ధాంతము నిలువలేదు. ప్రతి కోతా కొత్త అతుకులకు విత్తనమని మనకు ఇప్పుడు తెలుసును.

ఆ తరువాత లోలకము రెండవ వైపునకు ఊగినది. అతుకులు ప్రేగును బిగించగలవే గాని నొప్పి పుట్టించవని పలువురు వైద్యులు తలచినారు. స్కానింగులో ఏమీ కనబడని రోగులకు, అందులోను స్త్రీలకు, "ఇది మనస్సుకు సంబంధించినది" అను మాటయే దక్కినది. ఇందుకు ఒక ఆధారము లేకపోలేదు. 1990లో మెన్జీస్, ఎల్లిస్ ప్రకటించిన పరిశీలనలో, లోగడ కడుపు ఆపరేషను జరిగిన 210 మందిని మరల కోసి చూచినప్పుడు నూటికి 93 మందిలో అతుకులు ఉన్నవి. వారిలో అందరికీ నొప్పి లేదు. అతుకు ఉన్నంత మాత్రాన నొప్పి ఉండదు. మరి నొప్పి ఉన్నప్పుడు అతుకే కారణమని ఎట్లా చెప్పుట?

2001లో లండను పరిశోధకులు అతుకులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వాటిలో నొప్పిని మోసుకొనిపోగల జ్ఞాననాడుల తంతువులు ఉన్నట్లు ప్రకటించినారు. అతుకు ఒట్టి నారత్రాడు కాదని తేలినది. నమ్మని వారికి ఇది జవాబు.

అయితే కోసివేస్తే సరిపోవునా? 2003లో నెదర్లండ్సు వైద్యులు దీనికి చక్కని ప్రయోగము చేసినారు. అతుకులు, దీర్ఘకాలపు నొప్పి ఉన్న 100 మందిని తీసుకొని, దూరదర్శిని వంటి లాపరోస్కోపు గొట్టముతో లోపల చూచినారు. 52 మందికి అతుకులను కోసినారు. 48 మందికి చూచి ఊరకున్నారు. ఎవరికి ఏమి చేసినది రోగికి తెలియనీయలేదు. ఏడాది గడిచిన తరువాత రెండు జట్లలోను చాలామందికి నొప్పి తగ్గినది. రెండు జట్లకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. పన్నెండేండ్లకు మరల విచారించగా, కోయించుకొన్న వారి స్థితి మెరుగుగా లేదు సరికదా, మరిన్ని ఆపరేషనులు, మరిన్ని వైద్య సందర్శనములు వారికే పడినవి. ఇది 2017లో ప్రకటితమైనది. కోయుటను నమ్మిన వారికి ఇది జవాబు.

ఈ రెండు జవాబులు ఒకదాని కొకటి విరుద్ధములు కావు. నొప్పి మొదట గాయము దగ్గర పుట్టును. కాని నెలలు గడిచిన కొలది వెన్నుపాము, మెదడు ఆ సంకేతమునకు అలవాటుపడి, చిన్న కదలికకు కూడ పెద్ద గంట మ్రోగించును. నొప్పి సంకేతము వెన్నుపాములో ఒక ద్వారము వంటి దానిని దాటి పోవునని, ఆ ద్వారము తెరచుట, మూయుట మారుచుండునని మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించినారు. వివరములు తరువాత మారినను మూలభావము నిలిచినది. త్రాడును కోసినంత మాత్రాన గంట ఆగదు. అయినను గంట మ్రోగుట నిజము. 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము నొప్పికి నిర్వచనమును సవరించుచు, తనకు నొప్పిగా ఉన్నదని మనిషి చెప్పుకొన్న మాటను గౌరవించవలెనని స్పష్టముగా చేర్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టికలో ఆపరేషను తరువాత మూడు నెలలు దాటి నిలిచిన నొప్పికి 2022 నుండి ప్రత్యేక స్థానము లభించినది.

మన ఇంటి లెక్కలు

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోత కాన్పులే. దేశము మొత్తము మీద అది 21.5. అంతకు ముందరి 2015–16 సర్వేలో 15–49 యేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్న వారు ఆంధ్రప్రదేశములో నూటికి 8.9, తెలంగాణలో 7.7. దేశపు సగటు 3.2 మాత్రమే. వీటికి కుటుంబ నియంత్రణ ఆపరేషనులను కలుపుకొంటే, మన పల్లెలలో కడుపు మీద మచ్చ లేని నడివయస్సు తల్లి అరుదు.

ఈ కోతలన్నియు అక్కరలేనివని అర్థము కాదు. ఎన్నో తల్లుల, పిల్లల ప్రాణములు వీటితో నిలిచినవి. కాని కడుపునొప్పి అని వెళ్లిన స్త్రీకి కారణము వెదకకుండ గర్భసంచి తీసివేయుట, లేన్ చేసిన పొరపాటును మరల చేయుటయే. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరముగా గర్భసంచి తొలగించుటను అరికట్టు మార్గదర్శకములను మూడు నెలలలో అమలు చేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఆపరేషనుకు ఒప్పుకొనుటకు ముందు "దీనికి వేరే దారి లేదా?" అని అడుగుట, వీలైతే మరొక వైద్యుని అభిప్రాయము తీసుకొనుట రోగి హక్కు.

కారణము వెదకుట ఒక్కొక్కసారి చాలా సులువు. 1926లో ఫిలడెల్ఫియా వైద్యుడు కార్నెట్ ఒక పరీక్ష చెప్పినాడు. రోగిని వెల్లకిల పరుండబెట్టి, నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి, తల ఎత్తమనవలెను. అప్పుడు కడుపు కండరములు బిగియును. నొప్పి తగ్గితే కారణము లోపల ఉండవచ్చును. నొప్పి తగ్గక, లేదా పెరిగితే, అది కడుపు గోడలోనే, మచ్చ దగ్గర చిక్కుకొన్న నరములో ఉండవచ్చును. అట్టి నొప్పి మత్తు సూదిమందుతో తగ్గవచ్చును. కత్తి అక్కరలేదు. మన ప్రాంతములో ప్రేగుల క్షయ కూడ ఇటువంటి నొప్పినే తెచ్చును గనుక దానిని కూడ వైద్యుడు మరువరాదు. ఇట్టి పరీక్షలు వైద్యుడే చేయవలెను. విద్యార్థులు ఒకరిపై ఒకరు ప్రయత్నించరాదు.

నొప్పితో బ్రతుకుట

అతుకుల నొప్పిని పూర్తిగా పోగొట్టు మందు ఈనాటికి లేదు. ఆపరేషను ముగింపులో పరచు పలుచని కరిగిపోవు పొరలు కొన్ని దేశములలో వాడుకలో ఉన్నవి. అవి కొత్త అతుకులను తగ్గించును గాని పాత నొప్పిని తీయవు. లాపరోస్కోపుతో చేసిన ఆపరేషనులలో అతుకులు తక్కువ, కాని అసలు లేకపోవు. కనుక చాలామందికి ఈ నొప్పితో కలిసి బ్రతుకుట నేర్చుకొనవలసి ఉన్నది.

అది ఓటమి కాదు. ఒకేసారి కడుపునిండ తినక కొద్ది కొద్దిగా నాలుగైదు సార్లు తినుట, బాగుగా నమలుట, నీరు చాలినంత త్రాగుట, మలబద్ధకము రానీయకుండుట, రోజూ నడచుట, వేడినీళ్ల కాపడము, ఇవి చాలామందికి ఉపశమనమిచ్చును. ఏ వస్తువు తిన్నప్పుడు, ఏ పని చేసినప్పుడు నొప్పి వచ్చినదో ఒక నోటుపుస్తకములో వ్రాసుకొంటే రోగికీ వైద్యునికీ మేలు. నరముల అతి స్పందనను తగ్గించు మందులు ఉన్నవి. అవి వైద్యుడు వ్రాసి ఇవ్వవలసినవి. దుకాణములో అడిగి కొను నొప్పి బిళ్లలు నెలల తరబడి మ్రింగితే జీర్ణాశయమునకు, మూత్రపిండములకు చేటు. నల్లమందు జాతి మందులు ప్రేగునే మందగింపజేసి నొప్పిని పెంచగలవు.

ఒక్క విషయములో మాత్రము ఓర్పు పనికిరాదు. కడుపు ఆపరేషను జరిగిన వారికి అలలు అలలుగా మెలిపెట్టు నొప్పి, పసరు వాంతులు, కడుపు ఉబ్బుట, గాలి, విరేచనము పూర్తిగా నిలిచిపోవుట, ఇవి కలిసి వచ్చినచో ప్రేగు బిగిసి ఉండవచ్చును. అది గంటలతో పని. ఇంటి వైద్యమును నమ్ముకొనక, తినుటకు త్రాగుటకు ఏమీ ఇవ్వక, వెంటనే 108కు ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. బ్రయాంట్ చూచిన రోగికి ఆనాడు దక్కని అవకాశము ఈనాడు జగదేవ్‌పూరు రోగికి ఉన్నది. దానిని ఆలస్యముతో పోగొట్టుకొనరాదు.

ఇక మొదటి బాలుని దగ్గరకు పోదాము. వాడు "సార్, కడుపు నొస్తుంది" అన్నాడు. మనము వైద్యులము కాము. నొప్పికి కారణము మనకు తెలియదు. కాని మనము చేయగల పనులు కొన్ని ఉన్నవి. పది మందిలో నవ్వకుండుట. బయటికి పోవుటకు వెంటనే సెలవిచ్చుట. ఇదివరకు కడుపు ఆపరేషను జరిగినదా అని ఒంటరిగా అడుగుట. ఎన్నిసార్లు, ఏ వేళలో నొప్పి వచ్చుచున్నదో గుర్తుంచుకొని తల్లిదండ్రులకు చెప్పుట. పదిమందిలో ఒకడు సాకు చెబుతూ ఉండవచ్చును. వానిని నమ్మినందువలన మనకు పోవునది ఒక లెక్కల తరగతి. నిజముగా బాధపడు వానిని నమ్మకపోతే వాడు మరునాటి నుండి నొప్పిని చెప్పుట మానివేయును. ఆపై ప్రేగు బిగిసిన రోజున కూడ చెప్పడు.

పెద్ద కమిషనులు, పేరుగల శస్త్రవైద్యులు కూడ కనబడనిదానిని లేదనుకొని పొరబడినారు. ఆ పొరపాటును మన తరగతి గదిలో మరల చేయకుండుట మన చేతిలో ఉన్నది.